పిల్లలు అడిగారని కుక్కను తెచ్చే ముందు

2008 నవంబరు 4 రాత్రి షికాగోలోని గ్రాంట్ పార్కులో బరాక్ ఒబామా విజయ ప్రసంగం చేస్తూ తన ఇద్దరు కూతుళ్లకు లక్షల మంది వింటుండగా ఒక మాటిచ్చారు. వైట్‌హౌస్‌కు తమతో పాటు ఒక కుక్కపిల్ల కూడా వస్తుందన్నారు. అప్పటికి పెద్దమ్మాయి మలియాకు పదేళ్లు, చిన్నమ్మాయి సాషాకు ఏడు. మాటైతే ఇచ్చారు గానీ, కుక్క గుమ్మంలోకి రావడానికి అయిదు నెలలు పట్టింది. మలియాకు అలర్జీ ఉంది. ఏ జాతైతే పడుతుందన్న చర్చ పత్రికల్లో నెలల తరబడి సాగింది. చివరికి 2009 ఏప్రిల్‌లో సెనేటర్ టెడ్ కెనెడీ కానుకగా ఇచ్చిన పోర్చుగీస్ వాటర్ డాగ్ ఆ ఇంటికి చేరింది. పేరు బో.

అమెరికా అధ్యక్షుడి ఇంట్లో అయిదు నెలలు పట్టిన పని మన ఇళ్లలో చాలాసార్లు ఒక్క ఆదివారంలో తేలిపోతుంది. పాప పుట్టినరోజు వస్తోంది, ఫోన్లో ఎవరో ఫొటో పంపారు, బుట్టలో పెట్టుకుని తెచ్చేశారు. ఆరు నెలలు తిరిగేసరికి అదే కుక్క బాల్కనీలో గొలుసుకు కట్టి ఉంటుంది, లేదంటే 'ఉచితంగా ఇస్తాం, మంచి ఇల్లు కావాలి' అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. ఇందులో కుక్క తప్పు ఏమీ లేదు. పిల్లల తప్పు అంతకన్నా లేదు.

ఒబామా ఇంట్లో ఆలోచన మొదలైన చోటు సరైనది. ఏ కుక్క ముద్దుగా ఉందని కాక, మా ఇంట్లో ఏముంది, ఎవరికి ఏం పడదు అన్న దగ్గర మొదలుపెట్టారు. అయితే అక్కడ కూడా తెలుసుకోవలసింది మిగిలే ఉంది. వెంట్రుకలు తక్కువ రాల్చే జాతులు అలర్జీ తెప్పించవని అప్పట్లో గట్టి నమ్మకం. 2011లో అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రి పరిశోధకులు ఇళ్లలోని దుమ్ము తీసి పరీక్షిస్తే, ఆ పేరున్న జాతుల ఇళ్లలోనూ, మామూలు జాతుల ఇళ్లలోనూ అలర్జీ కలిగించే ప్రోటీన్ దాదాపు ఒకేలా ఉంది. ఆ ప్రోటీన్ కుక్క ఉమ్మిలోనూ, చర్మం నుంచి రాలే పొట్టులోనూ ఉంటుంది. వెంట్రుక దాన్ని మోసుకొస్తుందంతే. అందుకే ఉబ్బసం, తుమ్ములు ఉన్న పిల్లలుంటే జాతి పేరు మీద భరోసా పెట్టుకోకూడదు. తెచ్చుకోబోయే కుక్క దగ్గరే నాలుగైదుసార్లు కూర్చోబెట్టి, డాక్టర్ని అడిగి, అప్పుడు నిర్ణయించుకోవాలి.

మన దగ్గర జాతిని ఎంచేది చాలావరకు తెర. 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన వచ్చింది. చిన్న పిల్లవాడు ఎటు వెళ్తే అటు వెనకే నడిచే ఒక పగ్. దేశం మొత్తం ఆ ముడతల మొహానికి మురిసిపోయింది, పగ్‌ల గిరాకీ అమాంతం పెరిగింది. అంతకు ముందు 'హమ్ ఆప్కే హై కౌన్'లో, తెలుగులో 'ప్రేమాలయం'గా వచ్చిన సినిమాలో, టఫీ అనే తెల్ల కుక్క చేసిన సందడికి ఆ రకం కుక్కలు ఇంటింటా వెలిశాయి. అమెరికాలో డాల్మేషన్‌లదీ ఇదే కథ. మచ్చల కుక్కపిల్లల సినిమా చూసి పిల్లలు పేచీ పెట్టారు, పెద్దలు కొనిచ్చారు. గుర్రపు బండ్ల వెంట మైళ్లకు మైళ్లు పరుగెత్తడానికి పెంచిన జాతి అది. పుట్టుకతో చెవుడు ఎక్కువగా కనిపించే జాతి కూడా. ఆ సంగతులు సినిమాలో లేవు. కొన్నాళ్లకు చాలా కుక్కలు ఆశ్రయ కేంద్రాలకు చేరాయి.

పగ్ విషయం తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. స్వభావంలో దానికి వంక పెట్టలేం. పిల్లలతో ఆడుతుంది, పెద్దగా మొరగదు, చిన్న ఫ్లాట్‌లో సర్దుకుంటుంది. చిక్కు దాని ముక్కుతో. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి, నాలుక చాపి, వగర్చి ఒంట్లో వేడిని బయటికి పంపుకుంటుంది. లోపలికి వెళ్లే గాలి ముక్కు లోపలి తడి పొరల మీదుగా పోతూ చల్లబరుస్తుంది. పగ్‌కు ఆ దారే కురచ, ఇరుకు. నిద్రలో గురకపెడుతుంటే పిల్లలు నవ్వుకుంటారు గానీ, అది గాలి అందక పడే అవస్థ. రామగుండంలోనో, రెంటచింతలలోనో, విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం ఇలాంటి కుక్కతో పిల్లలు అరగంట బంతాట ఆడితే ప్రాణం మీదికి రావచ్చు. ఫ్రెంచ్ బుల్‌డాగ్, షీట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులన్నిటికీ ఇదే ఇబ్బంది. సైబీరియన్ హస్కీ ఇబ్బంది వేరు. సైబీరియాలో చుక్చీ జనం మంచు మీద బండ్లు లాగించుకోవడానికి పెంచుకున్న కుక్క అది. రెండు పొరల బొచ్చు, రోజంతా పరుగెత్తే సత్తువ. రోజంతా ఏసీ వేసి ఉంచినా దాని వేడి తీరుతుందేమో గానీ పరుగు తీరదు.

అసలు జాతి అంటే ఏమిటి? మనుషులు ఏదో ఒక పని కోసం తరతరాలుగా ఎంచి ఎంచి కలిపితే వచ్చిన రూపం. ఆ పని ఏమిటో తెలిస్తే ఆ కుక్కకు ఏది సరదా, ఏది లేకపోతే పిచ్చెక్కుతుంది అన్నది సగం తెలిసినట్టే. జర్మన్ షెపర్డ్ పోలీసు కుక్కగా పేరు పడకముందు గొర్రెల కాపరి. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే మాజీ సైనికాధికారి ఆ జాతికి రూపం ఇచ్చాడు. మంద చెదరకుండా చూడడం దాని నెత్తుటిలో ఉంది గనక, కేకలు వేస్తూ పరుగెత్తే పిల్లల్ని చుట్టుముట్టాలని చూస్తుంది. బీగిల్ కుందేళ్ల వేటకు పెంచిన కుక్క, వాసన పట్టిందంటే పిలుపు వినదు. వేటగాళ్లకు దూరం నుంచి వినబడాలని దాని గొంతును పెంచారు. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ వాళ్లకూ అలాగే వినబడుతుంది. ఓపిక గల బీగిల్ పిల్లలకు మంచి జోడీయే, రోజుకు గంటన్నర బయట తిప్పగలిగితే.

అలాగని జాతి పేరే జాతకం అనుకుంటే మోసపోతాం. 2022లో 'సైన్స్' పత్రికలో పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల గురించి వాటి యజమానుల్ని అడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువుల్ని చదివి చూశారు. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది దాదాపు 9 శాతమే అని తేలింది. మిగిలినదంతా ఆ కుక్క తల్లి, అది పెరిగిన చోటు, తొలి నెలల్లో చూసిన మనుషులు, నేర్పిన పద్ధతి, దాని సొంత గుణం. బంతి తెచ్చివ్వాలన్న కోరిక లాంటివి జాతితో బాగానే ముడిపడ్డాయి. చటుక్కున కోపం రావడమన్నది జాతితో చాలా తక్కువగా ముడిపడింది. పిల్లలున్న ఇంటికి ముందుగా తెలియవలసింది సరిగ్గా ఆ రెండోదే. 'ల్యాబ్ కదా, కరవదు' అన్న మాట అందుకే ప్రమాదకరం.

అయినా ల్యాబ్ గురించి వివరంగా చెప్పుకోవాలి. తెలుగు ఇళ్లలో పిల్లల కోసం కొనే పెద్ద కుక్కల్లో ముందు వినబడే పేరు అదే. 2022లో వచ్చిన '777 చార్లీ' సినిమా ఆ ముచ్చటను ఇంకాస్త పెంచింది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లకు వలలు లాగడంలో సాయపడిన కుక్కల వంశం ఇది. తర్వాత బ్రిటన్‌లో, కొట్టిన బాతును నలగకుండా నోట పట్టి తెచ్చే పనికి తీర్చిదిద్దారు. నోటి పట్టు మెత్తన, మనిషి చెప్పింది చేయాలన్న ఆరాటం ఎక్కువ. అమెరికాలో 1991 నుంచి 2021 దాకా వరసగా ముప్పై ఏళ్లకు పైగా కుక్కల రిజిస్ట్రేషన్లలో అదే మొదటి స్థానంలో నిలిచిందంటే ఊరికే కాదు.

కానీ ల్యాబ్ ఏడాది తిరిగేసరికి పాతిక, ముప్పై కిలోలు తూగుతుంది. బుద్ధి మాత్రం రెండేళ్ల దాకా పిల్ల చేష్టే. స్కూలు బస్సు దిగిన పాప దగ్గరికి ప్రేమగా దూకితే పాప వెల్లకిలా పడుతుంది. పగలు అమ్మానాన్నలు ఆఫీసుకు వెళ్తే తాడు పట్టుకోవలసింది తాతయ్యో, అమ్మమ్మో. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ముప్పై కిలోల కుక్క ఒక్కసారి లాగితే ఏమవుతుందో ముందే ఆలోచించాలి. తిండి సంగతి మరొకటి. ల్యాబ్‌లలో దాదాపు నాలుగో వంతు వాటికి కడుపు నిండిన కబురు మెదడుకు అందించే జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు కనిపెట్టారు. అంటే అలాంటి కుక్కకు నిజంగానే ఆకలిగా ఉంటుంది. పిల్లలు ప్లేటులో వదిలేసిన పెరుగన్నం, చేతిలోని బిస్కట్టు, నానమ్మ జాలిపడి పెట్టే నెయ్యన్నం కలిసి నాలుగేళ్లకే దాన్ని లేవలేని స్థితికి తెస్తాయి. తుంటి కీళ్ల జబ్బు ఈ జాతికి ఎలాగూ ఉన్నదే, బరువు దాన్ని ముదరబెడుతుంది. గోల్డెన్ రిట్రీవర్‌కు ఇంచుమించు ఇవే గుణాలు, ఇవే చిక్కులు. దాని మీద ఉండే పొడుగాటి బొచ్చు దువ్వే ఓపిక అదనం.

ఇంత పెద్దది ఎందుకని చిన్న కుక్క వైపు మొగ్గేవాళ్లు ఉంటారు. మన ఊళ్లలో అందరూ పమేరియన్ అని పిలిచే తెల్ల కుక్క చాలాసార్లు పమేరియన్ కాదు, ఇక్కడి ఎండకు అలవాటు పడిన ఇండియన్ స్పిట్జ్. టఫీ కూడా అదే. తెలివైనది, హుషారైనది, మన వాతావరణానికి ఓర్చుకుంటుంది. మొరుగుడు మాత్రం ఎక్కువ, ఎవరు పడితే వాళ్లు ఎత్తుకుంటే సహించదు. చిన్న కుక్క చిన్న పిల్లలకు సురక్షితం అనుకోవడం తల్లిదండ్రుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు. చివావా లాంటి రెండు కిలోల కుక్కను మూడేళ్ల బాబు ఎత్తుకుని జారవిడిస్తే దాని కాలు విరుగుతుంది. నొప్పి, భయం తెలిసిన కుక్క ఆ తర్వాత బాబు దగ్గరికి రాగానే పళ్లు చూపిస్తుంది. అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి బొత్తిగా బొమ్మంత కుక్క కన్నా మధ్యస్థంగా, గట్టిగా ఉన్నదే మేలు.

దేశీ జాతుల మాట ఇప్పుడిప్పుడే వినబడుతోంది. 2005లో తపాలా శాఖ నాలుగు భారతీయ కుక్కల మీద స్టాంపులు వేసింది. వాటిలో కర్ణాటక ముధోల్, తమిళనాడు రాజపాలయం ఉన్నాయి. రాజపాలయం ఊరికి తెలుగుతో చుట్టరికం ఉంది. విజయనగర కాలంలో ఇక్కడి నుంచి వెళ్లి స్థిరపడిన రాజుల కుటుంబాలు అక్కడ నేటికీ ఇంట్లో తెలుగు మాట్లాడతాయి. ఈ కుక్కల పెంపకంతోనూ వాళ్ల పేరు కలిపే చెబుతారు. అందమైన జాతి, ధైర్యం గలది. అయితే ముధోల్ కంటితో వేటను పట్టి తరిమే కుక్క, రాజపాలయం ఒకరిద్దరిని నమ్ముకుని కొత్తవాళ్లను దూరం పెట్టే కుక్క. రోజూ పదిమంది పిల్లలు వచ్చిపోయే మూడో అంతస్తు ఫ్లాట్ వీటి చోటు కాదు. తోట ఉన్నవాళ్లు, పల్లెలో పొలం ఉన్నవాళ్లు ఆలోచించవచ్చు. కొల్లేరు చుట్టుపక్కల ఒకప్పుడు బాతుల మందల వెంట తిరిగిన జోనంగి మన సొంత జాతి. ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి బొచ్చు, ముడతల నుదురు. బాతుల పెంపకం పోయి చేపల చెరువులు వచ్చాక దాని పనీ పోయింది, సంఖ్యా తరిగింది. తెలుగు నేల మీద పుట్టిన జాతి పేరు తెలుగు పిల్లలకు తెలియకపోవడం నిజంగా బాధపడవలసిన విషయం.

వీటన్నిటి కన్నా దగ్గరలో ఉన్నది వీధి కుక్కపిల్ల. ఇక్కడి ఎండకు పుట్టింది, చప్పిడి ముక్కు లేదు, ఒకే రక్తంలో కలపడం వల్ల వచ్చే జబ్బులు తక్కువ. పదిహేను, ఇరవై కిలోల మధ్య ఆగుతుంది. రెండు నెలలప్పుడే ఇంటికి వచ్చి మనుషుల మధ్య పెరిగితే పిల్లలతో ఎంతో బాగా కలిసిపోతుంది. అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి సంస్థల దగ్గర దత్తతకు కుక్కలుంటాయి. అక్కడ ఇంకో సౌకర్యం ఉంది. రెండు మూడేళ్లు నిండిన కుక్కను తీసుకుంటే దాని గుణం ముందే కళ్లకు కనబడుతుంది. పిల్లలంటే దానికి ఇష్టమా, భయమా అన్నది సాకేవాళ్లు చెబుతారు. పిల్లగా తెచ్చుకుంటేనే మాలిమి అవుతుందన్న మాటలో నిజం తక్కువ. ఉద్యోగాలకు వెళ్లే జంటకు రాత్రి మూడుసార్లు లేచి ఉచ్చ తుడిచే బాధ లేని పెద్ద కుక్కే చాలాసార్లు సరిపోతుంది.

పిట్‌బుల్, రాట్‌వీలర్ లాంటి వాటి గురించి రెండు మాటలు చాలు. 2024 మార్చిలో కేంద్రం ఇరవైకి పైగా జాతుల పెంపకాన్ని నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. అందరి వాదనా వినకుండా ఇచ్చారని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. చట్టం ఎటు తేలినా, మొదటిసారి కుక్కను పెంచబోతున్న ఇంట్లో, అందులోనూ చిన్న పిల్లలుంటే, ఇంత బలమైన దవడలున్న కుక్కను తేకపోవడమే మంచిది. అది చెడ్డదని కాదు. ఒక్క పొరపాటుకు పడే మూల్యం మిగతావాటి కన్నా చాలా ఎక్కువ.

ఏ జాతైనా సరే, పిల్లలను కరిచే కుక్కల్లో ఎక్కువ భాగం వీధివి కావని అనేక దేశాల వైద్యులు గమనించారు. అవి ఆ ఇంటివో, తెలిసినవాళ్లవో అయి ఉంటాయి. చిన్న పిల్లలకు గాయం మొహం మీద అవుతుంది. ఎందుకంటే పిల్ల మొహం, కుక్క మొహం ఒకే ఎత్తున ఉంటాయి. 'ఉన్నట్టుండి కరిచింది' అని పెద్దలు అంటారు. నిజానికి కుక్క అంతకు ముందే చాలాసేపటి నుంచి చెబుతూ ఉంటుంది. బాబు మెడ చుట్టూ చేతులు వేసి కావలించుకున్న ఫొటోలో కుక్క మొహం జాగ్రత్తగా చూడండి. తల పక్కకు తిప్పుకుని ఉంటుంది. కనుగుడ్డు ఓరకు పోయి తెల్లభాగం నెలవంకలా కనబడుతుంది. నాలుకతో ముక్కును నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. తర్వాత ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడుతుంది. అప్పుడు గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే అది గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం మానదు. ఇక మిగిలింది కరవడమే.

అందుకని కుక్క వచ్చే ముందే పిల్లలకు కొన్ని నేర్పాలి. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దాని జోలికి పోకూడదు. కావలించుకోవడం కన్నా పక్కన కూర్చుని మెడ కింద, ఛాతీ మీద నిమరడం దానికి ఇష్టం. అది లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వాలి. ఆరేళ్ల లోపు పిల్లలకు ఎంత చెప్పినా గుర్తుండదు గనక కుక్కను, పసివాడిని ఒకే గదిలో వదిలి పెద్దవాళ్లు వంటింట్లోకి వెళ్లకూడదు. పడుకున్నప్పుడు ఎవరూ తాకని ఒక మూల కుక్కకంటూ ఉండాలి. దీపావళి రాత్రి ఆ మూలే దానికి దిక్కు.

కొనేటప్పుడు చూడవలసింది పిల్లను కాదు, ముందు తల్లిని. కొత్తవాళ్లు వస్తే తల్లి తోక ఊపుతూ వస్తుందా, మూలకు నక్కుతుందా? పిల్లలు దాదాపు ఆ తల్లిలాగే తయారవుతాయి. తల్లిని చూపించడం కుదరదని చెప్పి బస్టాండు దగ్గరో, పార్కింగ్‌లోనో పెట్టె అందించేవాళ్ల దగ్గర అసలు కొనకూడదు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఇది కాగితం మీది మాట కాదు. నెల రోజులకే తల్లి నుంచి వేరుచేసిన పిల్లకు ఎంత గట్టిగా కొరికితే తోటి పిల్ల కుయ్యిమంటుందో తెలియదు. ఆ పాఠం అది మీ అబ్బాయి చేతి మీద నేర్చుకుంటుంది. రోగాల మాటా అంతే, టీకాలు పడని కుక్కపిల్లలను పార్వో వ్యాధి రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. ఏడ్చి ఏడ్చి అన్నం మానేసిన పిల్లల్ని ఓదార్చలేక ఎన్నో ఇళ్లు సతమతమవుతాయి.

మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా తప్పనిసరి. రేబిస్ అనుమానం ఉన్న జంతువుల కాటుకు గురయ్యేవాళ్లలో 40 శాతం మంది పదిహేనేళ్ల లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెంపుడు కుక్కైనా, దాని గోరు గీరినా, పన్ను తగిలినా, కొళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. తిడతారన్న భయంతో పిల్లలు గాయాన్ని దాచిపెట్టడం ఇందులో అన్నిటికన్నా ప్రమాదం. చెబితే కుక్కను పంపించేయబోమని ముందే వాళ్లకు మాటివ్వాలి.

ఇక పిల్లల మాట. 'నాన్నా, నేనే స్నానం చేయిస్తా, నేనే తిప్పుతా' అని పదేళ్ల అబ్బాయి అన్నప్పుడు అబద్ధం చెప్పడు, నిజంగానే అనుకుంటాడు. కానీ ఏడు గంటలకు స్కూలు బస్సు, సాయంత్రం ట్యూషన్, ఎనిమిదో తరగతి నుంచి ఫౌండేషన్ క్లాసులు. ల్యాబ్ పది పన్నెండేళ్లు, స్పిట్జ్ అంతకన్నా ఎక్కువే బతుకుతుంది. వాడు ఇంటర్ కోసం రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్లేనాటికి కుక్కకు ఆరేళ్లు, ఇంజినీరింగ్ అయిపోయేసరికి పన్నెండు. కీళ్లు పట్టేసి, చూపు తగ్గి, నెలకు రెండుసార్లు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లవలసిన వయసులో దాన్ని కారులో ఎక్కించేది అమ్మానాన్నలే. కనుక కుక్కను ఎంచేటప్పుడు అబ్బాయికి ఏది నచ్చిందని అడగడంతో పాటు, అబ్బాయి ఇంట్లో లేని ఆ ఆరేళ్లూ ఏ కుక్కైతే తమకు సాకడం కుదురుతుందో ఆ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. పొద్దున ఎవరు లేస్తారు, వేసవిలో ఊరికి వెళ్తే ఎక్కడ వదులుతారు, నెలకు తిండికీ మందులకూ ఎంత అవుతుంది, ఇవన్నీ కాగితం మీద రాసుకుని చూస్తే అప్పటిదాకా మనసులో ఉన్న జాతి మారిపోవచ్చు. కొన్ని ఇళ్లలో నిర్ణయమే రెండేళ్లు వాయిదా పడవచ్చు. ఆలోగా వారం వారం దగ్గరలోని ఆశ్రయ కేంద్రానికి పిల్లల్ని తీసుకెళ్లి, అక్కడి కుక్కలకు అన్నం పెట్టించి, తాడు పట్టుకుని నడిపించవచ్చు. అలా వచ్చేవాళ్ల సాయం చాలా కేంద్రాలకు అవసరం.